పొగరు

జ్ఞానశేఖర్ చర్చి సెక్రటరీ పదవికి నిలబడ్డాడు. ఆ సంగతి ప్రేమమణికి భర్త నోట కాక, ఇంటి ముందు విడిచిన చెప్పుల వల్ల తెలిసింది.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పొద్దుటి డ్యూటీ ముగించుకుని ఆమె బోయిగూడ సందులోకి తిరిగేసరికి ఎండ మాడిపోతోంది. గుమ్మం ముందు నానారకాల చెప్పులు. వాటిలో మడమ అరిగిన పెద్ద జత చర్చి పెద్దల్లో ఒకరైన లూకాగారిది. ఆ జత ఎవరి గుమ్మంలో ఉంటే ఆ ఇంట్లో టీనీళ్లు కాగుతున్నాయన్నమాట. ముందుగదిలో మంచం మీదా, ట్రంకుపెట్టె మీదా, కిటికీ గట్టు మీదా సంఘ పెద్దలు సర్దుకుని కూర్చున్నారు. మధ్యన ఉన్న ఒక్క కుర్చీలో జ్ఞానశేఖర్. రైల్వే పార్సిల్ ఆఫీసుకు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వేళ్లు అల్లి పొట్ట మీద పెట్టుకుని, పదవి అప్పుడే ఒళ్లో వచ్చి పడినంత నిండుగా కూర్చున్నాడు.

"నాకైతే పదవి మీద ఆశ లేదు. దేవుడు పిలుస్తున్నడు, పోవాలె. గంతే," అంటున్నాడు.

ఆఫీసులో హెడ్ గుమాస్తా పిలిస్తే రెండో పిలుపుకు గాని లేవని మనిషి, దేవుడు పిలిస్తే మొదటి పిలుపుకే లేచాడు కాబోలు అనుకుంది ప్రేమమణి. చెప్పులన్నీ కాలితో ఓ పక్కకు నెట్టి, తనవి విడిచి లోపలికి వచ్చింది.

"వందనాలమ్మా," అన్నారు పెద్దలు.

"ప్రేమా, జెర చాయ్ పెట్టు," అన్నాడు భర్త. ఇంతమంది ముందు భార్యకు పని చెప్పగలగడం కూడా పదవికి కావలసిన అర్హతల్లో ఒకటన్నట్టు ఉంది ఆ గొంతు.

వంటింట్లో పాలు కొన్నే ఉన్నాయి. కూతురు ఎమిలీని పంపి తెప్పించవచ్చు. ఎమిలీ పదో తరగతి పుస్తకాలు ముందేసుకుని వెనక వసారాలో చదువుకుంటోంది. ఆ పిల్లను లేపడం ఇష్టంలేక, ఉన్న పాలలో చెంబెడు నీళ్లు వంపింది. సంఘ పెద్దలకు ఆ మాత్రం చాలు. పొయ్యి పక్కన చాప మీద అత్తగారు బుచ్చమ్మ కాలు చాపుకుని కూర్చుని ఉంది. షుగరు వల్ల మడమ మీద పుండు పడి ఎంతకీ మానడం లేదు. రోజూ కడిగి, మందు వేసి, గుడ్డ కట్టాలి. అది కోడలి పని.

"నా కొడుకు సెక్రటరీ అయితడంట," అంది బుచ్చమ్మ మురిసిపోతూ.

"అయితే మీ పుండు మానుతుందా అత్తయ్యా?" అంది ప్రేమమణి టీ వడపోస్తూ.

ఆమె పుట్టిల్లు బాపట్ల. సికింద్రాబాదు వచ్చి ఇన్నేళ్లయినా మాట మారలేదు, మారనివ్వలేదు. వీళ్ల మధ్య ఇన్నేళ్లు బతుకుతూ వీళ్లలా మాట్లాడకపోవడం ఒక్కటే తనకు మిగిలిన గౌరవమని ఆమె నమ్మకం.

గ్లాసుల పళ్లెం తీసుకుని ముందుగదిలోకి వెళ్లి, అందరికీ ఇచ్చాక, ఖాళీ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడి చెప్పింది. "నాకు సూపర్‌వైజర్ ట్రైనింగ్ వచ్చింది. జబల్‌పూర్. మూడు నెలలు. ఎల్లుండి వైద్య పరీక్ష. అది కాగానే ప్రయాణం."

గదిలో టీ జుర్రే చప్పుడు ఆగింది. మొదట తేరుకున్నది లూకాగారు. "మంచిదే తల్లీ. కని ఎలక్షన్ ముందట గిట్లంటే ఎట్ల? ఇంటి ఇల్లాలు ఊళ్లె లేకపోతే జనం ఏమనుకుంటరు? ఇంటినే సంబాళించుకోనోడు సంఘాన్నేం సంబాళిస్తడంటరు."

"ఆదివారం ఓట్లయ్యాకే వెళ్తానులెండి. అంతవరకూ టీ పెడతాను," అంది ప్రేమమణి.

జ్ఞానశేఖర్ నవ్వబోయి మానుకున్నాడు. "మనం తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు పెద్దమనిషి తరహాలో. తర్వాత అంటే ఎప్పుడూ కాదని ఆమెకు తెలుసు. ఈ ఇంట్లో అతను కోరుకుంటే అది దేవుని పిలుపు, ఆమె కోరుకుంటే అది సరదా. ఆ తేడా చెప్పడానికి ఎవరూ నోరు కూడా విప్పనక్కర్లేదు. టీలో నీళ్లెక్కువయ్యాయని మాత్రం లూకాగారు మొహంతోనే చెప్పారు, రెండో గ్లాసు తీసుకుంటూ.

మర్నాడు ఎక్స్ఛేంజిలో ఊపిరాడని రద్దీ. ఏదో పరీక్ష ఫలితాలు వచ్చినట్టున్నాయి, ఊరంతా పై ఊళ్లకు ట్రంక్ కాల్స్ చేస్తోంది. పొడవాటి హాలులో వరసగా బోర్డులు, వాటి ముందు ఎత్తు బల్లల మీద అమ్మాయిలు. దీపం వెలగ్గానే తీగ లాగి కన్నంలో గుచ్చడం, కీ నొక్కడం, "ట్రంక్స్, నంబర్ చెప్పండి" అనడం, చీటీ మీద టైము వేయడం, మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి గుర్తుచేయడం. ప్రేమమణి చేతులు ఆమె చూపుకంటే ముందే కదులుతాయి. ఒక తీగలో కర్నూలు, ఒక తీగలో రాజమండ్రి పెట్టుకుని, ఇద్దరూ అరుచుకుంటుంటే "అరవకండి, కలిపేది నేను, మీ గొంతులు కాదు" అని కసిరి, వాళ్ల చేత మెల్లగా మాట్లాడించగలదు.

హెడ్ ఫోనులో వినే డొప్పను ఈ మధ్య ఆమె కుడిచెవికి పెట్టుకుంటోంది. ఎడమచెవిలో పోయినేటి వానాకాలం నుంచీ కీచుమని ఒకటే రొద. కమ్మ కుట్టిన చోట పుండు పడిందని పక్క బల్ల సుమిత్రతో చెప్పింది. తనకు తానూ అదే చెప్పుకుంది.

హాలు చివర గాజు గదిలో సూపర్‌వైజరు కుర్చీ ఉంది. దాన్ని ఆమె రోజూ చూస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు తీగ పట్టుకోరు, తలకు డొప్ప తగిలించుకోరు, నిలబడి హాలంతా ఒక్క చూపులో చూస్తారు. ఇప్పుడున్నావిడ ఆ కుర్చీలో కూర్చుని ఊలు అల్లుతుంది. ఆ కుర్చీకి ఇంతకంటే అవమానం లేదని ప్రేమమణి అభిప్రాయం.

"అక్కా, మీరు జబల్‌పూర్ పోతే ఇంట్లో ఎట్ల?" అంది సుమిత్ర. సీనియారిటీలో ఆమె తర్వాతి మనిషి సుమిత్రే.

"వంట ఎమిలీకి వచ్చు. చదువు కూడా దానికే వచ్చు. మిగతా ఇద్దరికీ ఏమీ రాదు, అది నేనున్నా అంతే."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జ్ఞానశేఖర్ వంటింట్లో కింద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బేసినులో గోరువెచ్చని నీళ్లు, దూది, మందు డబ్బా. తల్లి కాలు తన తొడ మీద పెట్టుకున్నాడు.

"నువ్వు పోయినంక నేనే చెయ్యాలె గద," అన్నాడు తల ఎత్తకుండా. "నేర్చుకుంటున్న. పో, ట్రైనింగు చేసుకో."

ప్రేమమణి గుమ్మానికి ఆనుకుని చూసింది. పాతగుడ్డను తడపకుండానే లాగాడు, బుచ్చమ్మ "అయ్యో సచ్చిన్రా" అని అరిచింది. మందు పుండు మీద కంటే తన పంచె మీద ఎక్కువ పూసుకున్నాడు. గుడ్డ ఎంత వదులుగా కట్టాడంటే ముసలామె కాలు దించగానే అది గజ్జెలా జారి చీలమండ మీద కూర్చుంది. ముందుగదిలో లూకాగారు ఉన్నారేమోనని ప్రేమమణి తొంగిచూసింది. ఎవరూ లేరు. చూసేవాళ్లు లేకుండా ఈ సేవ ఎందుకు చేస్తున్నట్టు? రేపు ఎవరితోనన్నా చెప్పుకోవడానికి అయ్యుంటుంది. కొత్త సెక్రటరీగారు తల్లి పాదాలు కడిగారట! ఊరంతా చెప్పుకోవలసిన ముచ్చటే.

"లేవండి," అంది. గుడ్డ విప్పి, తడిపి, తుడిచి, మళ్లీ తనే కట్టింది. జ్ఞానశేఖర్ పక్కనే గొంతుక్కూర్చుని ఆమె వేళ్ల వంకే చూస్తున్నాడు. ముడి ఎటు వేసిందో చూద్దామని మొహం దగ్గరకు పెట్టాడు. ఆమె మోచేత్తో నెట్టింది. "వెలుతురుకు అడ్డం."

ఆస్పత్రిలో చెవి డాక్టరు కుర్రవాడు. మర్యాదస్తుడు. ప్రేమమణిని గోడకేసి తిప్పి నిలబెట్టి, కుడిచెవి అరచేత్తో గట్టిగా మూసుకోమన్నాడు. "నేను వెనకాల నిలబడి మెల్లగా ఊళ్ల పేర్లు చెబుతాను. విని తిరిగి చెప్పండి. మీకిది రోజూ ఉండే పనే కదమ్మా."

ఆమె నవ్వుకుంది. ఉరుముల్లో, వానల్లో, తీగలు గరగరలాడుతుంటే ఊళ్ల పేర్లు పట్టిన మనిషి. గోడ మీద సున్నం పెచ్చులూడి ఉంది. దాన్ని చూస్తూ నిలబడింది. ఎడమచెవిలో రొద తప్ప ఏమీ లేదు. ఇంతసేపు ఊరుకోడు, చెప్పే ఉంటాడనుకుంది. చెప్పినప్పుడు ఊరుకుంటే వినలేదనుకుంటాడు.

"కర్నూలు," అంది.

ఏ మాటా లేదు. మరీ ఆలస్యమైంది కాబోలు అనుకుని, "రాజమండ్రి," అంది.

భుజం మీద చెయ్యి పడింది. డాక్టరు ఆమెను తనవైపు తిప్పుకుని, పెదవులు బాగా కదుపుతూ అన్నాడు. "నేనింకా ఏమీ అనలేదమ్మా."

ఆ తర్వాత అతను ఇనుప కమ్మీ మోగించి పుర్రె వెనక ఆనించాడు, ఏవో గొట్టాలు పెట్టి చూశాడు. నరం దెబ్బతిందన్నాడు. మందులకు లొంగదన్నాడు. ట్రైనింగు సంగతి అటుంచి, ఇక బోర్డు మీద కూర్చోవడం కూడా మంచిది కాదని, ఉన్న చెవినన్నా కాపాడుకోవాలని చెప్పాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. ఆమె కమ్మ, పుండు అని ఏదో మొదలుపెట్టి, ఆ అబద్ధం ఈ కుర్రాడి ముందు చెప్పడానికి సిగ్గేసి ఆపేసింది.

బయటికి వచ్చి ఎటు నడుస్తోందో చూసుకోకుండా నడిచింది. మోండా మార్కెట్లో కూరగాయల బుట్టల మధ్య తేలింది. దొండకాయలు కొందామని వంగింది. కాయ చిదిమి చూస్తే ముదురు. ఇంకో కాయ చిదిమింది. కూరలమ్మే మనిషి ఏదో అంది. రెండోసారి అంది. మూడోసారి బుట్ట మీద చేత్తో కొట్టి, "ఓ అమ్మా, చెవుడా ఏంది? కొనేదుంటే కొను, చిదమకు!" అని అరిచింది.

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. మామూలుగా అయితే ప్రేమమణి ఆ మనిషిని అక్కడికక్కడే కడిగేసేది. ఆ రోజు చిదిమినవీ చిదమనివీ కలిపి సంచిలో వేయించుకుని వచ్చేసింది. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. డాక్టరు ఏమన్నాడని అడిగితే "సోమవారం చెబుతారట" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్క హాలులో ఓట్లు. జ్ఞానశేఖర్‌కు పోటీ ఆర్థర్‌గారు. మిలటరీ స్టోర్స్‌లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మూతి మీద మీసం రోజూ ఉదయం కొలిచి కత్తిరించినట్టుంటుంది. తెలుగు చర్చిలో ఇంగ్లీషులో దగ్గుతాడు. వచ్చినవాళ్లందరితో చెయ్యి కలిపి "బ్లెస్ యూ" అంటున్నాడు. జ్ఞానశేఖర్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, లోపలికి పోయే ప్రతి ముసలివాడికీ తన కుటుంబ ఆరోగ్యం విన్నవించుకుంటున్నాడు. లూకాగారు ఇద్దరి మధ్యా బంతిలా తిరుగుతున్నారు.

ప్రేమమణి పెన్సిలు చేతిలోకి తీసుకుని ఆగింది. ఇద్దరిలో ఎవరికీ వేయకుండా ఓటు చీటీ మడిచి పడేద్దామని వచ్చింది. కానీ తల ఎత్తితే కిటికీలోంచి ఆర్థర్‌గారి మీసం కనబడింది. దాని కింద ఆ చిరునవ్వు. ఆమె భర్త పేరు రాసి డబ్బాలో వేసింది.

ఓడిపోయాడు. తక్కువ తేడాతో ఓడిపోయినా బాగుండేది. అతని ఇంట్లో టీ తాగినవాళ్లు ఓటేసినా గౌరవం దక్కేది. పాస్టరు అయ్యగారు ఫలితం చదవగానే లూకాగారు రెండు చేతులూ చాపి ఆర్థర్‌గారిని కావలించుకుని, "నేను మొదట్నించీ చెప్తనే ఉన్న," అన్నారు. జ్ఞానశేఖర్ కూడా వెళ్లి చెయ్యి కలిపాడు. ఆర్థర్‌గారు ఆ చెయ్యి పట్టుకునే వేరేవాళ్లతో మాట్లాడసాగాడు. చెయ్యి ఎప్పుడు వెనక్కు తీసుకోవాలో తెలియక జ్ఞానశేఖర్ అలాగే వంగి నిలబడిపోయాడు. హాలు ఇవతలి నుంచి ఆ వంగిన వీపును చూసి, అప్పుడు కూడా అతన్నే తిట్టాలనిపించి, ప్రేమమణి మొహం తిప్పుకుంది.

సాయంత్రం వెనక వసారాలో ఆమె చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేటలో ఓ నీడ కదిలింది. జ్ఞానశేఖర్ ఎడమ వైపు నుంచి వచ్చి నిలబడ్డాడు. కాసేపు నిలబడి, ఆమె వెనకగా చుట్టు తిరిగి కుడి వైపుకు వచ్చి కూర్చున్నాడు.

"ఏంటి, ప్రదక్షిణం చేస్తున్నారు?" అంది.

"గటు దిక్కు నుంచి అంటే నీకు ఇనబడదు గద."

ఆమె చేతులు బియ్యంలో ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు? ఆస్పత్రికి వెళ్లారా?"

"ఆస్పత్రికెందుకు పోతా? పోయిన ఏడు నుంచే ఎరుక నాకు." అతను మెట్టు మీద గోరుతో గీస్తూ అన్నాడు. "మొదట్ల పొగరనుకున్న. పిలిస్తే పలకవు, అడిగితే చెప్పవు. నీకది మామూలే గద. మస్తు కోపమైతుండె. పలకకుంటే పాయె అని నేను సుత పిలుసుడు బంద్ జేసిన. తర్వాత ఒకదినం ఎమిలీ గీడ నిలబడి అమ్మా అమ్మా అని పిలుస్తున్నది. నువ్వు పలకలే. ఎమిలీ మీద నీకు పొగరు లేదు గద. అప్పుడు సమజైంది."

ప్రేమమణి చేట ఒకసారి చెరిగింది. కొన్నాళ్లపాటు ఈ మనిషి తన నిర్లక్ష్యానికీ తన చెవుడుకీ తేడా కనుక్కోలేక తిరిగాడు. తప్పు అతని తెలివిదని ఆమె అనలేకపోయింది. బయట నిలబడి చూస్తే ఆ రెండూ ఒక్కలాగే కనబడి ఉంటాయి.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది చివరికి.

"ఎట్ల చెప్త? నేనేం చెప్పబోయినా ఒక చూపు చూస్తవు. గా చూపుకు నాకు భయం. పార్సిలాఫీసుల గూడ్సుబండి మీదికొస్తే గంత భయం కాదు."

"తెలిసీ ట్రైనింగుకు పొమ్మన్నారే?"

"నువ్వు పోతనన్నవు. ఎట్లనో పాసైతవేమో అనుకున్న. ఫెయిలైతదని నేనే అంటే బాగుంటదా? పాస్ కావాలని ప్రార్థన చేసిన."

"మీ ఎలక్షన్ గురించి చేసుకోక."

"రెండూ కలిపే చేసిన. గందుకే రెండూ పాయె."

అది హాస్యానికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఆమెకు అర్థం కాలేదు. ఇన్నేళ్లలో అతను హాస్యమాడగలడా లేదా అన్నది కూడా చూసుకోలేదు. ఒక రాయి ఏరి విసిరేసింది.

"ఒక్కటడుగుత. నాకేసినవా ఓటు?"

"ఆర్థర్ మీసం చూడలేక వేశాను. పొంగిపోకండి."

జ్ఞానశేఖర్ తల దించుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఇంకెప్పుడైనా అయితే ఆమె లేచి వెళ్లిపోయేది. ఆ సాయంత్రం కూర్చునే ఉంది. చేట అతని వైపు జరిపింది. ఇద్దరూ బియ్యం ఏరారు. అతను రాళ్లతో పాటు మంచి గింజలు కూడా పారేస్తున్నాడు. ఆమె చూసింది, నోటిదాకా వచ్చింది, అనలేదు.

ఆ వారంలో ఎక్స్ఛేంజివాళ్లు ఆమెను బోర్డు మీంచి తీసి పైఅంతస్తులో కాగితాల పనికి వేశారు. జబల్‌పూరుకు సుమిత్ర పేరు వెళ్లింది. సుమిత్ర మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ఏడుపెందుకే? కుర్చీ నీకొచ్చిందనా, నాకు రాలేదనా? ఏదో ఒకటి తేల్చుకుని ఏడువు," అంది ప్రేమమణి. తర్వాత తన ఉన్ని శాలువ తెచ్చి ఆమె భుజం మీద వేసి, "చలికాలం వస్తోంది, అక్కడ చలెక్కువ. ఆ కుర్చీలో కూర్చున్నాక మాత్రం ఊలు అల్లావంటే మీ ఇంటికొచ్చి తంతాను," అంది. పైఅంతస్తులో కిటికీ ఉంది, గాలి వస్తుంది, పని సులువు. ఆ సులువంటే ఆమెకు అసహ్యం. ఆ అసహ్యాన్ని ఎవరి మీద వేయాలో మాత్రం తెలియలేదు.

తర్వాతి ఆదివారం చర్చికి వెళ్లనని జ్ఞానశేఖర్ మొండికేశాడు. తలనొప్పన్నాడు, జ్వరమన్నాడు. ప్రేమమణి ఇస్త్రీ చొక్కా తెచ్చి మంచం మీద పడేసింది. "ఓడినవాడు ఇంట్లో దాక్కుంటే గెలిచినవాడు నిజంగానే పెద్దవాడైపోతాడు. లేవండి."

ఎన్నికల ముందంతా అతను పెద్దలతో ముందు బెంచీలో కూర్చునేవాడు. ఆ రోజు కుటుంబాలు కూర్చునే వెనక బెంచీకి వచ్చాడు. ఎమిలీని, తల్లిని లోపలికి జరిపి, ప్రేమమణి కుడిపక్కన కూర్చున్నాడు.

ప్రసంగం అయ్యాక కొత్త సెక్రటరీగారు ప్రకటనలకు లేచాడు. కళ్లద్దాలు తుడిచాడు, పెట్టుకున్నాడు, ఇంగ్లీషులో దగ్గాడు. చాలాసేపు మాట్లాడాడు. మీసం కదలడం తప్ప వెనక బెంచీలో ప్రేమమణికి సగం మాటలు అందడం లేదు.

"ఏమంటున్నాడు?" అంది.

జ్ఞానశేఖర్ కళ్లు బలిపీఠం మీదే ఉంచి, ప్రార్థనలో ఉన్నంత గంభీరమైన మొహంతో ఆమె చెవి దగ్గరకు వంగాడు. "ఫ్యాన్లు రిపేరుకు కమిటీ అంట. కమిటీకి చైర్మనంట. చైర్మనుకు సలహాలిచ్చేటందుకు లూకాగారంట."

"మరి ఫ్యాన్లు?"

"ఫ్యాన్ల మాట ఇంకా రాలే. ఇంకా దేవునికి కృతజ్ఞతలు చెప్తున్నడు, తనసొంటోన్ని పుట్టించినందుకు." ఒక్క క్షణం ఆగాడు. "నసీబున్నదానివి నువ్వు. నీకు సగమే ఇనబడ్తది. నాకు మొత్తం ఇనబడ్తున్నది."

ప్రేమమణికి నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునేలోపే బయటపడింది. తన నవ్వు ఎంత పెద్దదో తనకే తెలియలేదు. ముందు బెంచీలవాళ్లు తలలు తిప్పారు. లూకాగారు తిరిగి చూశారు. ఆర్థర్‌గారు చదువుతున్నది ఆపి, కళ్లద్దాల పైనుంచి వెనక్కి చూశాడు. జ్ఞానశేఖర్ పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాడు. అతని భుజాలు వణుకుతున్నాయి.

ఆర్థర్‌గారు గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ప్రేమమణి కళ్లు తుడుచుకుని, తలను భర్త వైపు వంచింది.

"ఊఁ, తర్వాత?" అంది.